శత్రువుల ఇంటి లగ్గం: మీ ఫాంటసీ కథకు ఏ దారి పనికొస్తుంది?

నిన్నటిదాకా ఒకరి ఊళ్లు ఒకరు తగలబెట్టుకున్న రెండు రాజ్యాలు, యుద్ధం ఆపడానికి ఒక పెళ్లి, ఆ పెళ్లిలో ఒకరినొకరు నమ్మని ఇద్దరు మనుషులు. ఈ కథ రాయాలని కూర్చునేవాళ్లు ఇప్పుడు తెలుగులో చాలామంది ఉన్నారు, సీరియల్‌గా రాసేవాళ్లు మరీ ఎక్కువ. నాకు ఈ రకం కథలంటే ప్రాణం. అందుకే చెప్తున్నా, వీటిలో ఎక్కువ కథలు ఒకే చోట దెబ్బతింటాయి. పదో భాగంలో ఎవడో బాణం వేస్తాడు, రాజు అడ్డం పడతాడు, రాకుమారి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఇక నమ్మకం కుదిరిపోయిందంటారు. అన్నను చంపినవాళ్ల ఇంట్లో రోజూ అన్నం తింటున్న పిల్లకు ఒక్క బాణంతో నమ్మకం ఎట్లా వస్తుంది? కృతజ్ఞత వస్తుందేమో. ఆమె తలుపు గడియ పెట్టుకోవడం మాత్రం మానదు.

ఈ ఇబ్బంది పదో భాగంలో పుట్టింది కాదు, మొదట్లోనే పుట్టింది. రాసేవాళ్లు అది ఏ రకం పెళ్లో తేల్చుకోకుండా మొదలుపెట్టేస్తారు. రాజకీయ లగ్గాలన్నీ ఒకటి కావు, ఎవరు కాదనగలరు, ఎప్పుడు కాదనగలరు అన్నదాన్ని బట్టి కథ నడకే మారిపోతుంది. నాకు కనిపించినంతలో నాలుగు దారులున్నాయి. నాలుగింటినీ ఒకే కథ మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

కథ కోసం మన వైపు కొండలూ చెరువులే తీసుకుందాం. రాచకొండ, దేవరకొండ లాంటి రెండు కొండకోటలు, మధ్యలో గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. ఎగువ కోట చేతిలో తూములు ఉన్నాయి, దిగువ కోట చేతిలో వరి పొలాలూ గుర్రపు దళమూ ఉన్నాయి. కిందటి యుద్ధంలో ఎగువవాళ్లు కట్ట తెంపితే దిగువన రెండు ఊళ్లు కొట్టుకుపోయాయి, దిగువవాళ్లు ఎగువ రాజు పెద్దకొడుకును చంపారు. ఇప్పుడు ఎగువ కోట పిల్లను దిగువ కోట రాజుకు ఇవ్వాలి. కట్ట కింద ఒక దేవత ఉందా, మంత్రాలున్నాయా, శాపాలున్నాయా అన్నది మీ ఇష్టం, దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటి దారి: ఓడినవాళ్ల పిల్ల

ఎక్కువమంది ఎంచుకునేది ఇదే, అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. ఎగువ కోట ఓడిపోయింది, సంధి షరతుల్లో పిల్ల కూడా ఒక షరతు. ఆమెను ఎవరూ అడగలేదు.

చరిత్రలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ కృష్ణదేవరాయలది. 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలై, 1515లో కొండవీడు పడిపోయి, ఆ తర్వాత కృష్ణ దాటి పైకి సాగిన కళింగ యుద్ధం చివరికి గజపతి ప్రతాపరుద్రుడి కూతురు పెళ్లితో ఆగింది. కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశాడు. అంటే పెళ్లి జరిగింది, నేల వెనక్కి వచ్చింది, యుద్ధం ఆగింది, రాజుల లెక్కలో అంతా సరిపోయింది. మరి ఆ పిల్ల? ఆమె పేరే ఒక్కోచోట ఒక్కో రకంగా వినిపిస్తుంది, తుక్కా అంటారు, జగన్మోహిని అంటారు, అన్నపూర్ణ అంటారు. భర్త ఆదరణ లేక కంభంలో ఒంటరిగా ఉండిపోయిందనీ, తుక్కా పంచకం అనే ఐదు సంస్కృత శ్లోకాలు ఆమె చెప్పుకున్నవేననీ జనశ్రుతి. గెలిచినవాళ్ల గురించి శాసనాలు మిగిలాయి, ఆమె గురించి మిగిలింది ఒక జనశ్రుతి. ఈ దారిలో కథ రాయాలనుకునేవాళ్లు ముందు ఆ ఒంటరితనం గురించి బాగా ఆలోచించాలి, ఎందుకంటే మీ నాయిక మొదలయ్యేది అక్కడే.

ఇక్కడ పెద్ద ప్రమాదం ఒకటుంది, నేను మెత్తగా చెప్పను. కాదనలేని పిల్ల మీద మొదటి రాత్రి బలవంతం జరిపించి, తర్వాత ఆమెకు ప్రేమ పుట్టిందని రాయకండి. రాజులకాలం అలాగే ఉండేదనేది సమాధానం కాదు, రాస్తున్నది మీరు, చదువుతున్నది ఇప్పటివాళ్లు. రాజు మంచివాడని చూపించాలంటే ఆ రాత్రి అతను బయట పడుకున్నాడని రాస్తే కూడా సరిపోదు, అదీ అతని దయే అవుతుంది. అతని మనసు మారిన రోజు ఆ దయ పోతుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు కావలసింది అతను కూడా తీసేయలేని హక్కు. మన కథలో అయితే పెళ్లి ఒప్పందంలోనే పై తూము ఆమె పేరు మీద ఉంటుంది, ఆమె ముద్ర లేకుండా దిగువ రాజు కూడా దాన్ని ఎత్తించలేడు. అప్పుడు ఆమె చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టు. ఎండాకాలం వస్తుంది, కింద నారుమళ్లు ఎండుతుంటాయి, ఆమె నీళ్లు వదలాలా వద్దా? వదిలితే అది ఆమె ఎంచుకున్నదే, వదలకపోయినా ఆమె ఎంచుకున్నదే. కథ అక్కడి నుంచి ఊపిరి తీసుకుంటుంది.

ఈ దారికి చాలా చోటు కావాలి. నలభై, యాభై భాగాల సీరియల్ రాసే ఓపిక ఉంటేనే దీన్ని పట్టుకోండి. చిన్న కథలో ఓడినవాళ్ల పిల్ల గెలిచినవాణ్ని నమ్మేసిందంటే అది లొంగిపోవడంలాగే కనిపిస్తుంది.

రెండో దారి: కుండమార్పిడి

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు మన పెద్దలు. ఈ దారి దాని మీదే నిలబడుతుంది. ఎవరూ ఓడిపోలేదు, ఇద్దరూ అలసిపోయారు. ఎగువ పిల్ల దిగువకు వస్తుంది, దిగువ రాజు చెల్లెలు ఎగువకు కోడలిగా వెళ్తుంది.

దక్కనులో 1565 నాటి తాళికోట యుద్ధానికి ముందు సరిగ్గా ఇదే జరిగింది. షోలాపూర్ కోట కోసం అహ్మద్‌నగర్ నిజాంషాహీలూ బీజాపూర్ ఆదిల్‌షాహీలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. చివరికి విజయనగరం మీద ఏకం కావాల్సి వచ్చినప్పుడు హుసేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకిచ్చాడు, షోలాపూర్ ఆమెతో పాటు వెళ్లింది. అలీ చెల్లెలు నిజాం షా కొడుకు ముర్తజాకు ఇల్లాలైంది. అటొక ఆడపిల్ల, ఇటొక ఆడపిల్ల. అటు పిల్లకు కష్టమొస్తే ఇటు పిల్లకు కష్టమొస్తుంది. రాజులు దీన్ని నమ్మకమన్నారు గానీ అది ఇద్దరి మెడ మీదా పెట్టిన కత్తి. అయినా చాంద్ బీబీ జీవితం చూడండి. 1580లో భర్త చనిపోయాక పసివాడైన రాజు తరఫున బీజాపూర్ రాజ్యాన్ని నడిపింది, తర్వాత పుట్టింటికి వెళ్లి 1595లో మొఘల్ సైన్యం అహ్మద్‌నగర్ కోటను చుట్టుముడితే తానే నిలబడి కాపాడింది. ఏ ఇంటికి పావుగా పంపారో ఆ ఇంటికీ, ఏ ఇంటి నుంచి పంపారో ఆ ఇంటికీ ఆమే దిక్కయింది.

కథ రాసేవాళ్లకు ఈ దారి నాకు బాగా ఇష్టం. కారణం, భయం రెండు వైపులా సమానంగా ఉంటుంది. దిగువ రాజు ఎగువ పిల్లను అనుమానిస్తున్నప్పుడల్లా అతని మనసులో సొంత చెల్లెలు మెదులుతుంది. అక్కడ ఆమెను కూడా ఇట్లాగే చూస్తున్నారా, ఆమె ఉత్తరాలను కూడా ఎవరైనా విప్పి చదువుతున్నారా అని. ఎదుటివాళ్ల స్థానంలో తనను తాను పెట్టుకోమని మీరు అతనికి ప్రత్యేకంగా ఉపదేశం ఇప్పించక్కర్లేదు, కథే ఆ పని చేస్తుంది. పైగా మీకు నలుగురు మనుషులు, రెండు కాపురాలు దొరుకుతాయి. ఒక కాపురం కుదురుతుంటే ఇంకోటి చెడుతుంది. చెల్లెలి దగ్గర నుంచి నెల రోజులుగా జాబు రాలేదనుకోండి, ఆ రాత్రి ఎగువ పిల్ల అతని ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడుతుంది? నన్నడిగితే ఈ రకం కథలో ఇంతకంటే బలమైన సీను దొరకడం కష్టం.

ఒక్క ఇబ్బంది, రెండు కోటల కథ సమానంగా నడపాలి. చెల్లెల్ని పంపించేసి మర్చిపోతే చదివేవాళ్లు మర్చిపోరు.

మూడో దారి: ఆమే రాణి, ఆమే కబురు పంపింది

ఇక్కడ ఎగువ కోటకు ఆమే యజమాని. తండ్రి లేడు, అన్న చనిపోయాడు, సింహాసనం మీద ఆమె ఉంది, పెళ్లి మాట కూడా ఆమె నోటి నుంచే వచ్చింది. శత్రువునే కావాలని అడిగింది.

మన నేలకు ఇది వింత కాదు. రుద్రమదేవి పేరు మీద పుణ్యం కోసం భూమి దానమిచ్చిన 1289 నాటి శాసనం మా నల్లగొండ జిల్లా చందుపట్లలోనే ఉంది, ఆమె మరణం గురించి చరిత్రకారులకు ఆధారం దొరికింది దాని వల్లే. గద్దె మీద కూర్చున్న ఆడమనిషిని ఒప్పుకోని సామంతులు, వాళ్లతో జీవితాంతం పోరాటం, అదంతా మన ఊళ్ల మట్టిలోనే ఉంది. రుద్రమదేవి అక్కచెల్లెళ్లలో గణపాంబ కథ ఈ దారికి ఇంకా దగ్గర. కాకతీయ రాజు రుద్రదేవుడి కాలంలో ధరణికోట కోట వంశంవాళ్ల మీద యుద్ధం జరిగింది. తర్వాత గణపతిదేవుడు అదే వంశంలోని బేతరాజుకు తన కూతురు గణపాంబనిచ్చాడు. భర్త పోయాక ఆ సీమను గణపాంబే ఏలింది, భర్త పేరున గుడి కట్టించింది. పెళ్లి ఆమె అడిగింది కాదు, తండ్రి చేసిందే. కానీ ఏలడం ఆమె చేసిందే.

ఈ దారిలో ఎంపికకు కొదవ లేదు, ఇబ్బంది నమ్మకం దగ్గరే వస్తుంది. అన్ని అధికారాలూ ఉన్న మనిషి ఇంకొకర్ని నమ్మాల్సిన అవసరం ఏముంది? అందుకే ఆమెకు పోగొట్టుకోవడానికి ఏదో ఉందని మొదటి రెండు భాగాల్లోనే తెలియాలి, అదేమిటో తర్వాత చెప్పొచ్చు. సామంతులు ఒప్పుకోలేదు, కట్ట తెంపమన్న ఆజ్ఞ తండ్రిది కాదు ఆమెదేనని దిగువ రాజుకు తెలియదు, తెలిస్తే పెళ్లి ఆగిపోతుంది. అప్పుడు రెండు ఊళ్ల చావులు ఆమె గొంతులో ఉంటాయి, చెప్పాలా వద్దా అన్నదే కథ. మొదటిసారి రాసేవాళ్లకు, చిన్న నవల రాసేవాళ్లకు ఈ దారి సుఖంగా ఉంటుంది. నాయిక కదులుతూ ఉంటుంది, ఎవరో వచ్చి ఏదో చేసేదాకా కిటికీ దగ్గర కూర్చోదు.

నాలుగోది, కత్తి దాచుకుని వచ్చిన పెళ్లికూతురు. చంపడానికే పంపారు, చంపలేకపోయింది. మొదటి ఐదు భాగాలు పరుగెత్తుతాయి, చదివేవాళ్లు ఆగరు. కానీ ఆమె కత్తి పారేసిన మరుక్షణం కథ చల్లబడిపోతుంది, ఎందుకంటే మొత్తం టెన్షన్ ఆ కత్తిలోనే పెట్టుకున్నాం. మూడు వేల మాటల కథకైతే సరే, అంతకు మించి దీన్ని లాగొద్దని నా సలహా.

ఏ దారి పట్టినా చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, వెళ్లిపోయే దారి. మీ నాయిక కోట వదిలి వెళ్లగలిగిన ఒక రోజు కథలో ఉండాలి. పుట్టింటి నుంచి గుర్రాలు వచ్చాయి, తలుపు తీసి ఉంది, కాపలావాడు పక్కకు చూస్తున్నాడు. ఆ రోజు ఆమె ఉండిపోతే అప్పుడు మాత్రమే ఆమె ఉండాలనుకున్నట్టు మనకు తెలుస్తుంది. అట్లాంటి రోజు లేకపోతే ఎన్ని ప్రేమ మాటలు రాసినా అవి బందీ చెప్పిన మాటలే. అదే రకంగా, మోసం చేయగలిగిన అవకాశం కూడా ఇద్దరికీ ఉండాలి, దాని వల్ల నిజంగా లాభం రావాలి. మోసం చేస్తే నష్టమే తప్ప లాభం లేని చోట నమ్మకంగా ఉండడంలో గొప్పేముంది?

ఇక్కడే మంత్రాల సంగతి. ఫాంటసీ అనగానే రక్తంతో ప్రమాణం, మాట తప్పితే గుండె ఆగిపోతుంది అనే ఏర్పాటు చాలామంది పెడతారు. దయచేసి పెట్టకండి. ఆ ప్రమాణం చేసిన రోజే మీ కథలో నమ్మకం అవసరం తీరిపోయింది, ఇక వాళ్లను పట్టి ఉంచేది మంత్రం. దానికి బదులు మాట తప్పితే ఏమీ కాదు గానీ తప్పిన సంగతి ఎదుటివాళ్లకు తెలిసిపోతుందని పెట్టండి, ఉదాహరణకు కట్ట మీది దేవత గుడిలో దీపం ఆరిపోతుంది. అప్పుడు ఒక రోజు దీపం ఆరిపోయి ఉంటుంది, ఎవరు తప్పారో తెలియదు, ఇద్దరూ ఆ గుడి ముందు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. మంత్రం ఉంది, ఎంపిక కూడా మిగిలింది.

నమ్మకాన్ని పెద్ద త్యాగాలతో చూపించాలా, చిన్న పనులతోనా అని చాలామంది అడుగుతుంటారు. చిన్న పనులే, సందేహం లేదు. ముద్ర ఉన్న పెట్టె ఆమె ముందు తెరిచి పెట్టి అతను బయటికి వెళ్లడం, ఆమె పుట్టింటికి రాసిన జాబు విప్పకుండా పంపించడం, తనకు వండిన అన్నంలోంచి ఒక ముద్ద ముందు ఆమెతో తినిపించడం అతను మానేసిన రోజు. మర్యాదలు కూడా ఇందులోకే వస్తాయి, మనవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, ఎదురుకోళ్ల దగ్గర మొదలైన అలక పదేళ్లయినా తీరని ఇళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా, విజయనగర రాజు మొదటి దేవరాయల కూతుర్ని 1407 ప్రాంతంలో పెళ్లి చేసుకున్నాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. నగరంలో సంబరాలు జరిగాయి, అంతా బాగుంది, తిరిగి వెళ్లేటప్పుడు దేవరాయలు కొంత దూరమే సాగనంపి మధ్యలో వెనక్కి తిరిగాడట. అది ఫిరోజ్ మనసులో పడిపోయింది, పగ మళ్లీ మొలిచింది. 1420 నాటికి పానగల్లు దగ్గర ఇద్దరికీ యుద్ధం జరిగి ఫిరోజ్ ఓడిపోయాడు. యుద్ధానికి ఇంకా చాలా కారణాలు ఉంటాయి, నిజమే. కానీ కథ రాసేవాళ్లకు ఆ సాగనంపడం చాలు. మీ పెళ్లి సీనులో మూడు పేజీలు నగల మీద ఖర్చుపెట్టకుండా, ఎవరు ఎంత దూరం నడిచి వచ్చారు, ఎవరు ముందు తల వంచారు, ఒడిబియ్యం పోసేటప్పుడు ఎవరి చేయి ఆగింది, ఇవి రాయండి.

పెళ్లికూతురితో ఎవరు వచ్చారన్నది కూడా తేల్చుకోండి. ఒంటరిగా పంపితే బాధ ఎక్కువ కనిపిస్తుంది, తోడుగా ఒకరుంటే కథ ఎక్కువ నడుస్తుంది. గణపతిదేవుడు దివిసీమ గెలిచాక దాన్ని ఏలే వంశపు అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు, వాళ్ల తమ్ముడు జాయపను తన దగ్గరే పెట్టుకుని పెద్దయ్యాక గజసేనకు అధిపతిని చేశాడు. జాయప నృత్యశాస్త్రం మీద పెద్ద గ్రంథం కూడా రాశాడు. ఆ తమ్ముడి వైపు నుంచి ఆలోచించండి, ఎంత కథ ఉందో! ఓడిన ఇంటి పిల్లవాడు, గెలిచినవాడి చేతి కింద పెరిగి, అతని ఏనుగుల్ని నడిపిస్తున్నాడు. అతను అక్కల కంటే ముందే బావను నమ్మేస్తే అక్కలకు ఎట్లా ఉంటుంది?

ఆఖరిది, నాకు ఎక్కువ కోపం తెప్పించేది. నమ్మకం ఆ ఇద్దరి మధ్యే కుదిరితే చాలదు. కొట్టుకుపోయిన రెండు ఊళ్లలో మిగిలినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లను ఎవరు అడిగారు? రాజు క్షమించాడు సరే, కొడుకు పోయిన తల్లి ఎందుకు క్షమించాలి? దిగువ కోటలో బతుకమ్మ రోజు ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చనిపోయినవాళ్ల మీద పాట కట్టి పాడుతున్నారు, ఎగువ పిల్ల వచ్చి నిలబడింది, రాణి కాబట్టి ఎవరూ పొమ్మనరు, కానీ వరుసలో చోటు కూడా ఇవ్వరు. ఆ సీను మీరు ఏ దారిలోనైనా పెట్టొచ్చు, పెట్టకపోతే మాత్రం కథ రెండు గదుల మధ్యే ఇరుక్కుపోతుంది. ఆమె ఆ ఊళ్లకు వెళ్లి పెద్దమనుషుల పంచాయితీలో కూర్చుని మాట పడాలి. ఒక్కసారితో అయిపోకూడదు.

ఎవరి వైపు నుంచి చెప్పాలి? మొదటి దారికి ఆమె ఒక్కదాని వైపు నుంచే చెప్పండి, అతని మనసు మనకు తెలిసిపోతే ఆమె భయం అర్థం లేనిదిగా కనిపిస్తుంది. రెండోదానికి ఇద్దరి వైపూ కావాలి, వీలైతే చెల్లెలి వైపు కూడా. మూడోదాన్ని అతని వైపు నుంచి చెప్తే బాగుంటుందని నా అభిప్రాయం, ఆమె దాచిన నిజం చదివేవాళ్లకు కూడా అతనితో పాటే తెలుస్తుంది.

ఇన్ని చెప్పాక ఒక్కటే ఎంచుకోమంటే, రెండోది. నవల రాసే బలం ఉంటే దాన్నే పట్టుకోండి, తీరిక తక్కువైతే మూడోది. మొదటిదాన్ని ఎంచుకున్నవాళ్లు మాత్రం ఒక పని చేయండి, మొదటి భాగం రాయకముందే ఆమె వెళ్లిపోగలిగిన ఆ రోజు సీను రాసి పక్కన పెట్టుకోండి. అందులో ఆమె ఎందుకు ఉండిపోయిందో నాలుగు వాక్యాల్లో రాయలేకపోతే, ఆమెను ఆ గుర్రమెక్కించి పంపించేయండి, అదీ మంచి కథే.